రాత్రి ఎనిమిది తర్వాత ఆసుపత్రికి పెద్దదిక్కు ఎవరు?

గౌరవనీయులైన శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టరు గారికి, జిల్లా ఎస్పీ గారికి,

నమస్కారం.

ఈ సంగతి సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీగా ఇవ్వచ్చు. ఇస్తే ఏమవుతుందో ప్రభుత్వ ఉద్యోగం చేసినవాళ్ళకి తెలుసు. అర్జీ వైద్య శాఖకి వెళ్తుంది, అక్కణ్ణించి తిరిగి ఆసుపత్రికే వస్తుంది, ‘సెక్యూరిటీ గార్డులు ఉన్నారు, సీసీ కెమెరాలు పనిచేస్తున్నాయి’ అని రెండు ముక్కలు రాసి మూసేస్తారు. ఆ రెండు ముక్కలూ చాలాచోట్ల నిజమే కూడా. చిక్కంతా అక్కడే ఉంది. గార్డులూ కెమెరాలూ ఉన్న ఆసుపత్రుల్లోనే సిస్టర్ల మీద చేతులు లేస్తున్నాయి, డ్యూటీ డాక్టర్లు గదిలో దూరి గడియ పెట్టుకుంటున్నారు. మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నదెందుకంటే ఇందులో సగం పని కలెక్టరేట్‌ది, సగం పోలీసులది. ఒకరి సంతకంతో తెమిలేది కాదు.

నేను స్టాఫ్ నర్సుగా చేరి హెడ్ నర్సుగా రిటైరైన మనిషిని. క్యాజువాలిటీ (అత్యవసర విభాగం), లేబర్ రూము, పిల్లల వార్డు అన్నీ చేశాను. మెట్ట ప్రాంతంలోనూ చేశాను, సముద్రం ఒడ్డునా చేశాను. నేను అడగదలచుకున్నది ఒక్కటే. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా మన ఆసుపత్రులకి బాధ్యుడెవరు?

పగలు ఈ ప్రశ్న రాదు. సూపరింటెండెంటు గారుంటారు, ఆర్‌ఎంఓ (రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు) గారుంటారు, ఆఫీసు సిబ్బంది ఉంటారు, ఎవరో ఒక నాయకుడు వచ్చిపోతుంటాడు. రెండింటికి పొద్దుటి సిస్టర్లు దిగిపోతారు, ఎనిమిదింటికి మధ్యాహ్నం వాళ్ళు దిగిపోతారు. తర్వాత నైట్ డ్యూటీ పన్నెండు గంటలు. ఆ పన్నెండు గంటలూ క్యాజువాలిటీలో ఒక డ్యూటీ డాక్టరు, ఒక్కోసారి రెండు వార్డులకి కలిపి ఒకే సిస్టరు, ఒక ఎంఎన్‌ఓ, ఒక ఎఫ్‌ఎన్‌ఓ (నర్సులకి సాయం చేసే మగ, ఆడ సిబ్బంది), గేటు దగ్గర ఇద్దరు గార్డులు. గొడవైతే సిస్టరు గార్డుని పిలవాలి, గార్డు తన ఏజెన్సీ సూపర్వైజరుకి ఫోను చెయ్యాలి, డాక్టరు ఆర్‌ఎంఓ గారికి చెయ్యాలి, ఆయన ఆసుపత్రిలోని పోలీసు ఔట్‌పోస్టుకి చెప్పమంటాడు. ఈలోపు కొట్టేవాడు కొట్టిపోతాడు. ఔట్‌పోస్టు కానిస్టేబులు పనేమిటో కూడా బయటివాళ్ళకి తెలీదు. యాక్సిడెంట్లూ పురుగుమందు కేసులూ కొట్లాటలూ వస్తే సంబంధిత స్టేషన్లకి సమాచారం పంపే పని ఆయనది. ఒక్క మనిషి రాసుకుంటూ కూర్చుంటాడు. కాపలా ఆయన పని కాదు, ఆ సంగతి ఆయన్నడిగినా చెబుతాడు.

నెల్లూరు పెద్దాసుపత్రిలో పదిమందైనా ఉంటారు. ఇరవై నాలుగు గంటల పీహెచ్‌సీల్లో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో) రాత్రిపూట ఉండేది ఒక్క స్టాఫ్ నర్సు, తోడుగా ఒక ఆయా. కొన్నిటికి ప్రహరీ ఉండదు, ఉన్నా గేటు ఉండదు. లోపల ఒక కాన్పు కేసు నొప్పులు పడుతుంటే బయట తాగొచ్చినవాడు తలుపులు బాదుతుంటాడు, కట్టు కట్టమని. తలుపు తియ్యాలా వద్దా? తీస్తే ఒక భయం, తియ్యకపోతే పొద్దున ‘డ్యూటీలో నిద్రపోయింది’ అని వీడియో. ఊళ్ళో సర్పంచి మంచివాడైతే ఆ నర్సుకి ధైర్యం, లేకపోతే లేదు. ప్రభుత్వ ఏర్పాటు అంటే ఇంతేనా?

ఇక చట్టం మాట. మన రాష్ట్రంలో వైద్య సిబ్బంది మీద, వైద్య సంస్థల మీద దాడుల్ని అరికట్టే చట్టం 2008 నుంచీ ఉంది. దాడి చేస్తే మూడేళ్ళ దాకా జైలు, 50 వేల దాకా జరిమానా, బెయిలు దొరకని నేరం. పగలగొట్టిన పరికరాలకి వాటి కొన్న ధరకి రెండింతలు కట్టాలి. ప్రైవేటు నర్సింగు హోములకీ ఇది వర్తిస్తుంది. నెల్లూరులో ఆసుపత్రుల పేట పొగతోటలో ఎన్ని ఆసుపత్రుల గోడల మీద ఈ చట్టం బోర్డు లేదు? బోర్డుల కొరత లేదు. కేసు దగ్గరికొచ్చేసరికే కాళ్ళు తడబడతాయి.

ఎందుకంటే ఫిర్యాదు రాయాల్సింది దెబ్బ తిన్న మనిషే. పన్నెండు గంటలు డ్యూటీ చేసిన పిల్ల, చెంప వాచిపోయి, స్టేషనుకి పోయి బల్ల మీద కూర్చోవాలి. మధ్యాహ్నానికి అవతలివాళ్ళ తాలూకు పెద్దమనుషులు ఇంటికి దిగుతారు. ‘చిన్నపిల్లోడమ్మా, బాధలో ఉండి చెయ్యి చేసుకున్నాడు, వాడి జీవితం పాడైపోద్ది’ అంటారు. మరునాటికి రాజీ. మళ్ళీ అదే పిల్ల అదే క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ. ప్రైవేటు ఆసుపత్రుల్లో ఇంకో రకం. శవాన్ని గేటు ముందు పెట్టించి, అటు కుటుంబానికీ ఇటు యాజమాన్యానికీ మధ్య బేరం కుదిర్చే మనుషులు తయారయ్యారు. వాళ్ళెవరో పోలీసులకి తెలియకపోదు.

2024 ఆగస్టు 9న కలకత్తా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మని చెరిచి చంపిన ఘోరం తర్వాత, అదే నెల 16న కేంద్ర ఆరోగ్య శాఖ ఒక మెమో ఇచ్చింది. డ్యూటీలో ఉన్న సిబ్బంది మీద దాడి జరిగితే ఆరు గంటల్లోపల సంస్థ తరఫున ఎఫ్‌ఐఆర్ పెట్టించే బాధ్యత ఆసుపత్రి అధిపతిదే అని. నా దృష్టిలో ఆ ఒక్క వాక్యం వంద కెమెరాల పెట్టు. కలెక్టరు గారూ, మన జిల్లాలో పీహెచ్‌సీ మొదలు పెద్దాసుపత్రి దాకా ఇది అమలయ్యేలా మీ పేరుతో ఉత్తర్వు ఇవ్వండి. ఫిర్యాదుదారు స్థానంలో సిస్టరు పేరు కాకుండా సూపరింటెండెంటు హోదా ఉండాలి. దెబ్బ తిన్నది స్వీపరైనా, గార్డైనా ఇదే పద్ధతి జరగాలి. కేరళ 2023లో తన చట్టాన్ని సవరించినప్పుడు సెక్యూరిటీ గార్డుల్నీ అంబులెన్సు డ్రైవర్లనీ కూడా అందులోకి తెచ్చింది. ఎస్పీ గారూ, ఆ ఫిర్యాదు అర్ధరాత్రి వచ్చినా అప్పుడే తీసుకోమని స్టేషన్లకి చెప్పండి.

కేరళ ఆ సవరణ ఎందుకు తెచ్చిందో మీకు గుర్తుచెయ్యాలి, ఎందుకంటే అది పోలీసు శాఖకి నేరుగా తగిలే సంగతి. 2023 మే 10 తెల్లవారుజామున కొట్టారక్కర తాలూకా ఆసుపత్రిలో డాక్టర్ వందనా దాస్ అనే హౌస్‌సర్జన్‌ని (శిక్షణలో ఉన్న కొత్త డాక్టరుని) పొడిచి చంపేశారు. ఆమె వయసు 23. చంపినవాడు బయటినుంచి చొరబడినవాడు కాదు. కాలి గాయానికి కట్టు కట్టించమని పోలీసులే తెచ్చిన మనిషి. ఆయుధం ఆసుపత్రి కత్తెరే.

మన జిల్లాలో ఏ క్యాజువాలిటీలోనైనా ఒక శనివారం రాత్రి నిలబడి చూడండి. ఊళ్ళో కొట్టుకున్న రెండు పార్టీలూ ఒకే టేబులు ముందుకొస్తాయి, ఇద్దరికీ గాయాల సర్టిఫికెట్టు కావాలి. వెనకే చెరో ఇరవై మంది. వెంట వచ్చిన హోంగార్డు బయట బండి దగ్గర ఫోను చూసుకుంటుంటాడు. అరెస్టు చేసినవాళ్ళని వైద్య పరీక్షకి తేవడం సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం తప్పనిసరి, తాగి బండి నడిపినవాళ్ళని రక్తం తియ్యడానికి తేవడం మామూలే. తెచ్చినవాళ్ళు పరీక్ష అయ్యేదాకా లోపలే, కళ్ళెదుటే ఉండాలి. రెండు పార్టీల్ని ఒకేసారి లోపలికి తేకూడదు. తాగి ఊగేవాణ్ణి తడిమి చూసి పంపాలి. ఒక్క స్టాండింగ్ ఆర్డరుతో అయ్యే పని ఇది. రాత్రి బీటు కానిస్టేబుళ్ళు సంతకం పెట్టే పుస్తకం బ్యాంకుల దగ్గర ఉంచుతారు కదా, అలాంటిది ఒకటి క్యాజువాలిటీలో, ఒకటి లేబర్ వార్డు మెట్ల దగ్గర, ఒకటి ప్రతి ఇరవై నాలుగు గంటల పీహెచ్‌సీలో పెట్టించండి. డబ్బు ఖర్చు లేదు. ఖాకీ చొక్కా రాత్రికి రెండుసార్లు ఆ దారిన నడిస్తే చాలా గొడవలు పుట్టకముందే పోతాయి.

ఇంతదాకా కొట్టేవాళ్ళ గురించి రాశాను. కొట్టేవాళ్ళందరూ రౌడీలని అనుకుంటే మాత్రం మనం ఎన్నటికీ ఈ సమస్యని తీర్చలేం. ఉదయగిరి అవతల సీతారామపురం నుంచి ఒక కేసు వస్తుందనుకోండి. ఉదయగిరిలో చూసి ఆత్మకూరు రాస్తారు, ఆత్మకూరులో చూసి నెల్లూరు రాస్తారు. దర్గామిట్టలోని పెద్దాసుపత్రి చేరేసరికి మూడో క్యాజువాలిటీ. ప్రతిచోటా మళ్ళీ పేరు, వయసు, ఏమైంది. ఏ ఒక్కరూ ఆ తండ్రితో ‘నాయనా, ఇది మా దగ్గర కాదు, ఫలానా డాక్టరు అక్కడుంటాడు, అందుకే పంపుతున్నాం’ అని చెప్పి ఉండరు. చీటీ చేతిలో పెట్టి ఉంటారు. ‘గంట నుంచీ అడగతా ఉండాం, మావోడికి ఎట్టుందో ఒక్కరూ చెప్పరేంది’ అని అరిచేవాడి గొంతులో కోపం ఎంతుందో భయమూ అంతే ఉంటుంది. నర్సులం మాకది తెలుస్తుంది, జవాబు చెప్పే తీరికే ఉండదు. ఒక చేత్తో సెలైను, ఇంకో చేత్తో కేస్‌షీటు.

కాబట్టి నా జాబితాలో మొదటి సెక్యూరిటీ మనిషి లాఠీ పట్టుకునేవాడు కాడు. రాత్రి ఎనిమిది నుంచి ఎనిమిది దాకా క్యాజువాలిటీ బయట కూర్చుని, లోపల ఏం జరుగుతోందో అరగంటకోసారి రోగి వెంట వచ్చినవాళ్ళకి చెప్పే మనిషి. స్కానుకి తీసుకెళ్ళారు, రక్తం రావాలి, ఆపరేషను డాక్టరు బయలుదేరారు. ఇంతే. ప్రభుత్వ వైద్య సేవ పథకం కార్డుల పని చూసే వైద్య మిత్రలున్నారుగా అంటారు, వాళ్ళకి కాగితాలే సరిపోతాయి. ఈ పనికి వేరే మనిషి కావాలి. తెలుగు తెలిసినవాళ్ళు, ఉర్దూ నాలుగు ముక్కలొస్తే ఇంకా మంచిది, గొంతు పెంచని స్వభావం ఉన్నవాళ్ళు. చావు కబురు మాత్రం డాక్టరే చెప్పాలి, వరండాలో నిలబడి కాకుండా ఒక గదిలో, కుటుంబంలో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి. పోస్టుమార్టం ఎప్పుడు, శవాన్ని ఎప్పుడిస్తారు అన్నది అప్పుడే చెప్పాలి. నేను చూసిన గొడవల్లో చాలావాటికి మూలం మరణం కాదు, మరణం తర్వాత మార్చురీ ముందు గంటల తరబడి ఎవరూ పలకకపోవడం.

రోగుల భద్రత గురించి మాట్లాడకపోతే ఈ ఉత్తరం మా వాళ్ళ యూనియను తీర్మానంలా ఉంటుంది. రోగికి మా నుంచి కూడా రక్షణ కావాలి. బిడ్డ పుట్టగానే, మొహం చూపించడానికి ముందే, మగబిడ్డకి ఇంత ఆడబిడ్డకి ఇంత అని చెయ్యి చాచే అలవాటు కొన్నిచోట్ల ఇంకా పోలేదు. స్ట్రెచరు తోస్తే ఒక రేటు, గేటు లోపలికి వదిలితే ఒక రేటు. అప్పుచేసి ఆ నూర్లు ఇచ్చుకున్నవాడికి ఆ రాత్రి ఏదైనా తేడా జరిగితే, డబ్బు తిన్నవాడు కనపడడు, ఎదురుగా దొరికేది సిస్టరే. లంచం తీసుకున్నవాడిదీ దెబ్బ తిన్న పిల్లదీ ఒకే యూనిఫారం అనుకుంటారు జనం. సెక్యూరిటీ ఖర్చు గురించి మీటింగుల్లో మాట్లాడేటప్పుడు దీన్ని వేరే ఫైలులో పెట్టకండి.

బిడ్డల విషయం ఇంకా జాగ్రత్త. బాలింతల వార్డులో ‘నేను వాళ్ళ అత్తనమ్మా’ అని బిడ్డని ఎత్తుకునే ప్రతి ఆడమనిషీ అత్త కాదు. తల్లి చేతికీ బిడ్డ చేతికీ ఒకే నెంబరు పట్టీ, డిశ్చార్జి చీటీ చూడకుండా బిడ్డని గేటు దాటనివ్వకపోవడం, లేబర్ వార్డు దగ్గర ఆడ గార్డు. పెద్ద ఆసుపత్రుల్లో ‘కోడ్ పింక్’ అని మైకులో అంటే బిడ్డ కనపడలేదని అర్థం, వెంటనే అన్ని గేట్లూ ఆపేస్తారు. మనవాళ్ళలో ఎంతమందికి ఆ మాట తెలుసో అడిగి చూడండి. ఇక వార్డుల్లో సెల్‌ఫోన్లు, మెళ్ళో గొలుసులు పోవడం, మంచాల కింద కుక్కలు పడుకోవడం మీకు పేపర్లోనే కనపడుతుంటాయి. కుక్కల సంగతైతే 2025 నవంబరులో సుప్రీంకోర్టే ఆసుపత్రుల ఆవరణల్లోంచి తీసెయ్యమంది, నేను చెప్పేదేముంది.

గేట్లంటే గుర్తొచ్చింది. సెక్యూరిటీ పెంచండి అనగానే మొదట జరిగేది తలుపులకి తాళాలు వెయ్యడం. రాకపోకలకి ఒక్క దారి వదిలి మిగతావన్నీ గొలుసు చుట్టి తాళం వేస్తారు. ఆ తాళంచెవి పగటి డ్యూటీ గుమస్తా బీరువాలో ఉంటుంది. 2020 ఆగస్టులో విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్లో, కోవిడ్ రోగుల్ని ఉంచినచోట, తెల్లవారుజామున మంటలొచ్చి పదిమంది పోయారు. 2024 నవంబరులో ఝాన్సీలో రాత్రిపూటే పసిపిల్లల ఐసీయూ తగలబడింది. అగ్ని ప్రమాదానికి రాత్రీ తాళమూ రెండూ కలిస్తే ఇంకేం కావాలి? లోపలినుంచి తోస్తే తెరుచుకుని బయటినుంచి తెరుచుకోని తలుపులు దొరుకుతున్నాయి, అవి పెట్టించండి. అది కుదిరేదాకా తాళంచెవి ఆ అంతస్తు నైట్ సిస్టరు దగ్గరే ఉండాలి. ఫైర్ వాళ్ళ మాక్ డ్రిల్లు పదకొండు గంటలకి ఫొటోగ్రాఫర్లతో జరుగుతుంది. ఒక్కసారి రాత్రి రెండింటికి చేయించండి.

గార్డుల మీద నాకు కోపం లేదు. స్ట్రెచరు వాళ్ళే తోస్తారు, బండ్లు వాళ్ళే సర్దుతారు, ఆక్సిజన్ సిలిండరు వాళ్ళే దొర్లిస్తారు. 2005 నాటి చట్టం ప్రకారం సెక్యూరిటీ ఏజెన్సీకి లైసెన్సు ఉండాలి, గార్డుకి శిక్షణ ఇవ్వాలి. టెండరులో తక్కువ కోట్ చేసినవాడికి పని ఇచ్చాక ఆ శిక్షణ ఎవరు చూశారు? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మాజీ సైనికుల్ని కనీసం రాత్రి షిఫ్టుకైనా తీసుకోవచ్చు.

సిబ్బంది గదుల గురించి రెండు మాటలు. 2024లో డాక్టర్ల సంఘం ఐఎంఏ దేశమంతటా 3,885 మంది డాక్టర్లని అడిగితే, మూడోవంతు పైగా రాత్రి డ్యూటీలో భద్రత లేదన్నారు, 45 శాతం మందికి అసలు డ్యూటీ గదే లేదు. ఉన్నా బాత్రూము ఎక్కడో వరండా చివర. నర్సులకి అరుణా శాన్‌బాగ్ పేరు చెప్పక్కర్లేదు. 1973లో బొంబాయి ఆసుపత్రి నేలమాళిగలో బట్టలు మార్చుకోవడానికి వెళ్ళినప్పుడు అక్కడ పనిచేసేవాడే ఆమె మీద పడ్డాడు, 2015లో పోయేదాకా మంచంలోనే ఉంది. గది, గడియ, లైటు, పక్కనే బాత్రూము, అడుగుతున్నది ఇంతే. లైంగిక వేధింపుల ఫిర్యాదు సంస్థ అధిపతి మీదే అయితే దాన్ని వినాల్సింది కలెక్టరు ఏర్పాటు చేసే స్థానిక కమిటీ అని 2013 చట్టం చెబుతోంది. ఆ కమిటీ సభ్యుల ఫోను నెంబర్లు ప్రతి డ్యూటీ గదిలో అంటించండి. ఆపదలో పోలీసుల్ని పిలవడానికి శక్తి యాప్, 112 ఉన్నాయి, మంచిదే. వాటితోపాటు క్యాజువాలిటీ బల్ల కింద నొక్కితే గేటు దగ్గరా ఔట్‌పోస్టులోనూ మోగే మామూలు కరెంటు గంట ఒకటి పెట్టిస్తే, ఫోను తీసి లాకు తెరిచే పని తప్పుతుంది. క్యాజువాలిటీకి రెండో తలుపు, డాక్టరు కుర్చీ ఆ రెండో తలుపుకి దగ్గరగా. ఇంజినీరు అక్కర్లేదు, కుర్చీ జరిపితే చాలు.

ఇదంతా మన జిల్లాకి చేతకాదని నేననుకోను. ప్రతి ఏడూ మొహర్రంలో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ చేస్తున్నారు. స్వర్ణాల చెరువులో లక్షల మంది దిగి రొట్టెలు మార్చుకుంటుంటే రాత్రింబగళ్ళు కంట్రోల్ రూము నడుస్తుంది, గట్టున లైట్లుంటాయి, తప్పిపోయిన పిల్లల పేర్లు మైకులో చెబుతుంటారు, ఏ చోటికి ఏ అధికారో, ఏ షిఫ్టుకి ఎవరో కాగితం మీద ఉంటుంది. ఆ కాగితమే నేను అడుగుతున్నది. పెద్దాసుపత్రికీ, కావలికీ, ఆత్మకూరుకీ, ప్రతి ఏరియా ఆసుపత్రికీ, సామాజిక ఆరోగ్య కేంద్రానికీ ఆ రాత్రి బాధ్యుడైన అధికారి ఒకరు. ఆయనకి పోలీసుని పిలిచే అధికారం, సంస్థ తరఫున ఫిర్యాదు మీద సంతకం పెట్టే అధికారం, తెల్లారేదాకా అక్కడే ఉండే బాధ్యత. పేరు, ఫోను నెంబరు క్యాజువాలిటీ ముందు బోర్డు మీద రోజూ మార్చి రాయాలి. ఆసుపత్రి అభివృద్ధి సంఘం వచ్చే సమావేశంలో రంగులకీ టైల్సుకీ ముందు ఈ అంశం పెట్టండి.

రాత్రి మాట్లాడే మనుషుల్ని వేస్తే, వాళ్ళకి పని నేర్పడానికి నాలాంటి రిటైరైన సిస్టర్లు ఈ జిల్లాలో చాలామందిమి ఉన్నాం. డబ్బులక్కర్లేదు, కబురు పెట్టండి. శిక్షణ మాత్రం కలెక్టరేట్ హాల్లో పగలు వద్దు. క్యాజువాలిటీలో, నైట్ డ్యూటీలోనే పెట్టించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు,
నెల్లూరు జిల్లా